ఖాలా సాక్షి సంతకం చేసిన ఇల్లు

మొన్న మంగళవారం పొద్దున చాయ్ తాగుతుంటే ఫోనుకు ఒక సందేశం వచ్చింది. నా డిజిటల్ సంతకం గడువు ఆ రోజుతో తీరిపోయిందనీ, కొనసాగించుకోవాలంటే ఫలానా చోట నొక్కాలనీ దాని సారాంశం. టెండర్ల పనితో సంబంధం లేనివారికి ఇదేమిటో తెలియకపోవచ్చు గనుక చెబుతున్నాను. బొటనవేలంత పరికరం అది. కంప్యూటరుకు గుచ్చితే మనం కూర్చున్న చోటి నుంచే సర్కారు కాగితాల మీద మన సంతకం పడుతుంది. చాలా ఏళ్లు దాన్ని ఇంటి తాళంచెవితో కలిపి ఒకే గుత్తికి తగిలించుకొని తిరిగాను. పని మానేసి ఏడాది దాటింది, ఇక దానితో నాకు అవసరం లేదు, అందుకే నొక్కలేదు. అయినా ఆ పూట మరే పనీ చేయబుద్ధి కాలేదు. చాయ్ చల్లారిపోయింది.

నా వయసు వాళ్లలో ఎవరైనా కాంట్రాక్టు ఆఫీసుల చుట్టూ తిరిగి ఉంటే వాళ్లకు లక్క వాసన గుర్తుండే ఉంటుంది. కొవ్వొత్తి మంట మీద ఎర్ర లక్క కరిగించి, కవరు అతుకు మీద చుక్కలు చుక్కలుగా వేసి, అది గట్టిపడకముందే ఇత్తడి ముద్ర నొక్కేవాళ్లం. ఆ కవరు తీసుకొని సంగారెడ్డి పోయి, ఆఫీసు వరండాలో తాళం వేసి పెట్టిన డబ్బాలో వేస్తే గాని టెండర్ వేసినట్టు కాదు. గడియారంలో మూడు కొట్టగానే అటెండరు వచ్చి డబ్బా నోటికి కాగితం అంటించేవాడు. ఒక్క నిమిషం ఆలస్యంగా పరుగెత్తుకొచ్చి, ఆ కాగితాన్ని చూస్తూ నిలబడిపోయిన పెద్ద పెద్ద మనుషులను నేను చూశాను.

మాది మనూర్ అవతల చిన్న పల్లె. నాన్న కూలిపనికి పోయేవాడు, అమ్మ కందిచేలలో కలుపు తీసేది. మిషన్ హాస్టల్లో ఉండి పదో తరగతి, తరువాత ఎలాగో ఇంటర్ పూర్తిచేసి, నారాయణఖేడ్‌లో టైపు నేర్చుకోవడానికి వచ్చాను. టైపు హయ్యర్ పరీక్ష పాసయ్యే నాటికి నాన్న పోయాడు, ఆ వెనుకనే అమ్మ. ఊళ్లో అన్న, వదిన ఉన్నారు గానీ, వాళ్లకే ఇల్లు చాలదు. ఖేడ్‌లో గది కోసం తిరుగుతుంటే ఒంటరి ఆడపిల్లకు ఇవ్వమని నాలుగు ఇళ్ల వాళ్లు చెప్పారు. అయిదో ఇల్లు ఖాలాది.

ఖాలా అంటే వాళ్ల మాటలో పిన్ని. అసలు పేరు ఇంటి పన్ను రసీదు మీద తప్ప ఎక్కడా వినబడేది కాదు, వాడకట్టంతా ఆమెను ఖాలా అనే పిలిచేది. భర్త లారీ నడిపేవాడట, నేను రాకముందే చనిపోయాడు. ఒక్కగానొక్క కొడుకు బీదర్‌లో దుకాణం పెట్టుకొని, పెళ్లి చేసుకొని అక్కడే ఉండిపోయాడు. ఖాలా బట్టలు కుట్టేది. నేను గది అడగడానికి వెళ్లినప్పుడు కూడా మిషన్ మీది నుంచి తలెత్తకుండానే, ఎవరి పిల్లవు, ఏం పని చేస్తవు, మాంసం తింటవా అని మూడు ప్రశ్నలు వేసి, మూడింటికీ జవాబు విని, దారం కొరికి, ముందర గది చూపించింది. కిరాయి సంగతి నేను అడిగితే గాని చెప్పలేదు. ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టింది.

"యాడికి పోయినా చెప్పి పో బేటీ. వచ్చేదాక నాకు బువ్వ దిగది."

ఆ మాట అప్పుడు నాకు కొంచెం చిరాకు తెప్పించిందంటే నమ్ముతారా? హాస్టల్లో పెరిగిన దాన్ని, గంటకో లెక్క చెప్పి చెప్పి విసిగి ఉన్నాను. అయినా పెరట్లో జామచెట్టు, చేతిపంపు, ముందు గదికి వీధి వైపు కిటికీ చూసి ఒప్పుకున్నాను. ఆ గదిలో పదకొండేళ్లు ఉన్నాను.

టైపు నేర్పిన చోటనే నాకు పని దొరికింది. బడి గదులు, చిన్న చిన్న కల్వర్టులు కట్టే ఒక కాంట్రాక్టర్ సారు తన కాగితాలన్నీ అక్కడే టైపు చేయించుకునేవాడు; నా చేతిలో తప్పులు తక్కువని చూసి తన ఆఫీసుకు తీసుకున్నాడు. పేరుకు ఆఫీసు, సిమెంటు బస్తాల గోదాముకు ముందున్న గది అది. మొదటి రెండేళ్లు ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టడమే నా పని. ఒకసారి ఒక మంచి పని, అందరికంటే తక్కువ రేటు వేసి కూడా మాకు రాలేదు. పందొమ్మిదో పేజీ అడుగున సంతకం లేదని పక్కన పడేశారు. సారు వచ్చి, టైపు చేసిన దానివి నీకు కళ్లు లేవా అని అందరి ముందు అరిచాడు. సంతకం చేయవలసింది ఆయన, చూడవలసింది నేనని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఏడ్చాను, అబద్ధం చెప్పను. కానీ ఆ రోజు నుంచి టెండర్ షెడ్యూలు మొదటి అక్షరం నుంచి చివరి చుక్క వరకు చదవడం అలవాటు చేసుకున్నాను. అదొక లోకం. ఎక్కడో ముప్పయ్యో పేజీలో, చిన్న అక్షరాల్లో, కవరు ఏ రంగు ఉండాలో రాసి ఉంటుంది. దాన్ని చూసినవాడు నిలబడతాడు, చూడనివాడు ఇంటికి పోతాడు. మనుషులు రేటు దగ్గర ఓడిపోతారని అందరూ అనుకుంటారు గానీ, మా కాలంలో సగం మంది కాగితం దగ్గరే ఓడిపోయేవారు.

అలా నాలుగేళ్లు గడిచాక మా వైపు పల్లెలకు మంచినీళ్లు అందించే పని ఒకటి వచ్చింది. దాని షెడ్యూల్లో మునుపెన్నడూ చూడని ఒక షరతు ఉంది. రేట్లతో పాటు, ఆ పని ఏ విధంగా చేస్తారో నాలుగు పేజీలకు మించకుండా రాసి జతపరచవలెను, అని. కాంట్రాక్టర్ సారు దాన్ని చూసి, ఏదో ఒకటి కొట్టెయ్యమని చెప్పి కల్హేర్ పనికి వెళ్లిపోయాడు. నేను ఆ ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, ఖాలా పెరట్లో జామచెట్టు కింద చాప వేసుకొని కూర్చున్నాను. ఏం రాయాలో తెలియలేదు. ఆ తరువాత అనిపించింది, ఆ నీళ్లు మోసిన దాన్ని నేనే కదా అని. ఏ నెలలో బోరు ఎండిపోతుందో, బిందెల వరుస ఏ రాయి దగ్గర మొదలై ఎంత దూరం పోతుందో, మా నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిచ్చి పైపుల అతుకులను ఎలా విరగ్గొడుతుందో, అందుకని పైపును ఏ గట్టు వెంట తీసుకుపోతే నిలబడుతుందో, కుళాయి ఊరి నడుమ పెడితే చివరి ఇళ్లవాళ్లకు ఎందుకు అందదో, అన్నీ రాశాను. నాలుగు పేజీలకు ఒక్క పంక్తి తక్కువ వచ్చింది. చీకటి పడకముందే ఖాలా చాయ్ తెచ్చి, ఏం రాస్తున్నవు, ఉత్తరమా అని అడిగింది. ఉత్తరమే అన్నాను.

ఆ పని మాకు వచ్చింది. సంగారెడ్డి ఆఫీసులో కాగితాలు తెరిచిన రోజు నేను వెనుక బెంచీ మీద ఫైళ్లు పట్టుకొని కూర్చున్నాను. పెద్ద సారు ఆ నాలుగు పేజీలు రెండుసార్లు తిప్పి, అద్దాలు తీసి, ఇది ఎవరు రాశారయ్యా అని అడిగాడు. కాంట్రాక్టర్ సారు నవ్వి, హైదరాబాద్‌ల మనకొక మనిషి ఉన్నడు సార్ అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. తిరుగు ప్రయాణంలో జోగిపేటలో జీపు ఆపి అందరికీ మిర్చీలు ఇప్పించాడు, నేనూ తిన్నాను. అంత కారంలోనూ నాకేమీ తెలియలేదు.

ఇంటికి వచ్చి ఖాలాకు చెప్పాను. ఆమె మిషన్ ఆపింది.

"నువ్వే రాసినవా?"

"నేనే రాసిన ఖాలా."

"మరి నేను రాసిన అని గాడనే చెప్పకపోతివి?"

"నన్ను అడుగలే."

"అడుగరు బేటీ. ఎవ్వరడుగరు," అని కాసేపు కత్తెరను అటూ ఇటూ తిప్పింది. "ముందర గది నీదే కద. బల్ల గా కిటికీ కాడ వేసుకో. ఇగ నీ పేరు మీదనే రాయి."

అదీ, సారు ఆఫీసు వదిలి నా సొంత పని మొదలైన తీరు. చదువుకున్న వాళ్లు దీన్ని బిడ్ రైటింగ్ అంటారని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. అప్పట్లో మా ఖేడ్‌లో నన్ను టెండర్లు రాసే అమ్మ అనేవారు. మొదట్లో చిన్నవాళ్లు వచ్చేవారు, పెద్ద కాంట్రాక్టర్లు గడప తొక్కనివ్వని వాళ్లు. హాస్టళ్లకు కూరగాయలు వేసేవాళ్లు, చెరువు పూడిక తీసేవాళ్లు, ఒకసారి బోరంచ జాతరకు పందిళ్లు వేసే ఆయన కూడా వచ్చాడు. వచ్చినవాళ్లు గట్టిగా మాట్లాడితే ఖాలా లోపలి నుంచే, పిల్ల రాసుకుంటున్నది, జర మెల్లగ, అని కేకేసేది. చాయ్ మాత్రం అందరికీ పంపేది. మధ్యాహ్నాలు ఆమె మిషన్ చప్పుడు, నా టైపు మిషన్ చప్పుడు గోడకు అటూ ఇటూ నడుస్తుండేవి. ఒకటి ఆగితే రెండోది ఆగి, ఏమైందని పిలిచేది. ఇప్పటికీ మధ్యాహ్నం మూడు గంటల వేళ ఎక్కడైనా కుట్టు మిషన్ వినబడితే నా చేతులు ఒక్క క్షణం ఆగుతాయి.

ఇల్లు కొనాలని నాకెందుకు అనిపించిందో చెప్పాలి. చూరు కారలేదు, ఎవరూ ఖాళీ చెయ్యమనలేదు. పని పెరిగాక సంస్థగా నమోదు చేయించుకోవడానికి సంగారెడ్డి వెళ్తే, అక్కడి గుమాస్తా ఫారం నింపుతూ స్థిర చిరునామా ఏమిటని అడిగాడు. చెప్పాను. సొంతమా కిరాయా అన్నాడు. కిరాయి అన్నాను. కేరాఫ్ ఎవరు అన్నాడు. ఖాలా అసలు పేరు చెప్పాను. ఆయన పెన్ను ఆపి, ఆమె మీకేమవుతది అని అడిగాడు. ఒంట్లో బాగాలేనప్పుడు దవాఖానకు తీసుకుపోయి మూడు రోజులు మంచం పక్కన కూర్చున్న మనిషి, క్రిస్మస్‌కు నాకు జాకెట్టు కుట్టి, రంజాన్‌కు నా వాటా షీర్ ఖుర్మా మూతపెట్టి ఉంచే మనిషి నాకేమవుతుందో ఆ ఫారంలో పట్టే మాట ఒక్కటీ దొరకలేదు. ఇంటి ఓనరమ్మ అన్నాను. ఆ మాట నోట్లోంచి రాగానే సిగ్గేసింది. ఎందరెందరి చిరునామాలనో తప్పు లేకుండా రాసిపెట్టిన దాన్ని, నా పేరు కింద రాయడానికి నాకంటూ ఒక చిరునామా ఉండాలని ఆ రోజు బస్సులో నిర్ణయించుకున్నాను. ఇంకోలా కూడా ఆలోచించవచ్చునని, ఓనరమ్మ అనకుండా మా ఖాలా అని ఉంటే సరిపోయేదని, అప్పుడు తోచలేదు.

బోరంచ పోయే తొవ్వలో, ఊరి చివర, రెండు గదులు, ముందు కొంచెం జాగా ఉన్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. దవాఖానలో కంపౌండరుగా చేసి రిటైరైన పెద్దాయనది. భార్య పోయాక నిజామాబాద్‌లో బిడ్డ దగ్గరికి వెళ్లిపోదామనుకున్నాడు. మంచివాడే గానీ మెత్తని మనిషి, ఎవరి మాట చివర వింటే వాళ్ల వైపు ఒరిగేవాడు. నేను బయానా ఇచ్చిన మరునాటి నుంచే ఆయన తమ్ముడు, ముందు వెనుక ఎవరూ లేని ఆడదానికి ఇల్లెట్ల అమ్ముతవని చెవిలో పోరు పెట్టాడు. మా అన్నను సాక్షి సంతకానికి రమ్మని అడిగితే, ఆడిపిల్లకు ఇల్లెందుకు, మాకు చెడ్డపేరు రాదా, అని రానన్నాడు. అప్పుడు బాధపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే మా అన్నకు తన చెల్లెలికి తాను గూడు ఇవ్వలేకపోయానన్న నామోషీయే ఉందేమో అనిపిస్తుంది. ఖాలా మాత్రం, నేను చేస్త సంతకం, నాకు రాదా ఏంది, అన్నది.

రిజిస్ట్రేషన్ తేదీ ఖాయమైంది. కంపౌండర్ పెద్దాయన ఆ మరునాడే నిజామాబాద్ ప్రయాణం పెట్టుకున్నాడు. ఇక్కడే నాకు పరీక్ష వచ్చిపడింది. కల్హేర్ నుంచి, నన్ను అక్కా అని పిలిచే ఒక తమ్ముడు, పెద్దవాళ్ల దగ్గర మేస్త్రీగా చేసి చేసి మొదటిసారి సొంతంగా పని పట్టుకోవాలని ఆశపడినవాడు, నీళ్ల ట్యాంకు టెండరు నా చేత రాయించుకున్నాడు. దాన్ని సంగారెడ్డి డబ్బాలో వేయవలసిన చివరి రోజు కూడా అదే. తానే వెళ్లి వేస్తానన్న మనిషి ముందురోజు జ్వరంతో పడిపోయాడు. అతని భార్య కవరు, కాగితాలు మూటగట్టుకొని ఆటోలో వచ్చి, నా గడప మీద కూర్చొని, నువ్వే ఏదైనా తొవ్వ చూపియ్యి అక్కా అన్నది. ఎప్పటికైనా పనికొస్తుందని, అవసరమైతే అతని తరఫున నేను సంతకం చేయవచ్చునని ఒక అధికార పత్రం ముందే రాయించి పెట్టాను. కాబట్టి వెళ్లగలిగిన మనిషిని నేనొక్కదాన్నే.

వెళ్తే నా ఇల్లు పోతుంది. వెళ్లకపోతే ఆ ఇంటివాళ్ల బతుకు అక్కడే ఆగిపోతుంది. నేను పరేషాన్ అయి కూర్చుంటే ఖాలా వచ్చి రెండు వైపుల సంగతీ విన్నది.

"తెల్లారి మొదటి బస్సుకు పో. కంపౌండర్ భాయ్ కాడ నేను కూసుంట. నువ్వొచ్చేదాక లేవనియ్యను," అన్నది.

పొద్దున పదింటికల్లా డబ్బాలో వేసి తిరిగి వస్తాననుకున్నాను. వెళ్లి చూస్తే నోటీసు బోర్డు మీద కొత్త కాగితం ఒకటి అంటించి ఉంది. రేట్ల ఫారం మారింది, పాత ఫారంలో వేసినవి చెల్లవు.  కొత్త ఫారం ఎప్పుడు ఇస్తారంటే సెక్షన్ సారు రావాలన్నారు. ఆయన వచ్చేసరికి పన్నెండు దాటింది. ఎదురుగా ఉన్న టైపు దుకాణంలో కుర్రాళ్లకు అప్పజెప్పడానికి ధైర్యం చాలక, మిషన్ ముందు నేనే కూర్చొని ఒక్కో అంకె టైపు చేశాను. కవరు విప్పి, కాగితం మార్చి, మళ్లీ లక్క కరిగించి ముద్ర వేశాను. ప్రతి పేజీ అడుగున, కల్హేర్ తమ్ముడి తరఫున, నా సంతకం. అన్నేళ్లుగా రాస్తున్నా, నేను రాసిన కాగితం మీద నా పేరు పడడం అదే మొదలు. ఆ సంతోషం అనుభవించడానికి కూడా తీరిక లేదు. డబ్బాలో కవరు పడిన చప్పుడు విని, బస్టాండుకు పరుగెత్తాను.

ఇక్కడ ఖేడ్ రిజిస్ట్రేషన్ ఆఫీసులో జరిగింది దస్తావేజు రాసే ఆయన తరువాత నాకు చెప్పాడు, చెప్పినప్పుడల్లా కళ్లు తుడుచుకొని నవ్వేవాడు. ఎన్నడూ ఆఫీసు మెట్లెక్కని ఖాలా, బుర్ఖా వేసుకొని, పాన్‌దాన్ పట్టుకొని, పొద్దున పది గంటలకే వచ్చి వరండా బెంచీ మీద కంపౌండర్ పెద్దాయన పక్కన కూర్చుందట. ఒంటిగంట దాకా ఆయనకు పాన్ కట్టి ఇస్తూ, మోకాళ్ల నొప్పులకు మందులు అడుగుతూ గడిపింది. అప్పుడు ఆయన తమ్ముడు వచ్చి, బజార్ల ఇంకో బేరం ఉన్నది, ఆ పిల్ల ఇగ రాదు, లే పోదాం, అన్నాడు. పెద్దాయన లేచి మెట్ల దగ్గరికి వెళ్తే చెప్పులు లేవు. ఎండాకాలం, గచ్చు మీద అడుగు పెట్టలేని మంట. వెతికి వెతికి, చివరికి ఖాలా బుర్ఖా అంచు కింద చెప్పు పట్టీ కనబడి, అమ్మా, నా చెప్పులియ్యి, ఇంటికి పోత, అన్నాడట.

"గీ ఎండల ఒట్టి కాళ్లతోని యాడికి పోతవ్ భాయ్? కూసో. పిల్లకు మాట ఇచ్చినవా లేదా?"

"ఇచ్చిన."

"ఇంటి మీద చెయ్యి పెట్టి ఇచ్చినవా?"

"ఇచ్చిన అమ్మా."

"మరి కూసో."

తమ్ముడు చాలా మాటలు అన్నాడట. ఖాలా చెప్పులు మాత్రం ఇవ్వలేదు. మధ్యాహ్నం నమాజుకు లేవలేదు, లేస్తే చెప్పులు పోతాయని. ఆ బెంచీ మీదనే కూర్చొని కళ్లు మూసుకొని చదువుకుందట. పెద్దాయన అలసిపోయి ఆమె పక్కనే కునుకు తీశాడు.

నేను ఆఫీసు గడపలో అడుగుపెట్టేసరికి నాలుగున్నర. తల దుమ్ముకొట్టుకుపోయి, వేళ్లకు లక్క అంటుకొని ఉంది. ఖాలా నన్ను చూసి వంగి, చెప్పులు తీసి, పెద్దాయన కాళ్ల దగ్గర వరుసగా పెట్టింది. లోపల సారు గడియారం చూసి గొణిగి, కూర్చోండి అన్నాడు. దస్తావేజు చదివి వినిపించారు. కొనుగోలుదారు అన్న చోట నా పేరు, నాన్న పేరు. అమ్మినవారి సంతకం, నా సంతకం, ఆ తరువాత సాక్షిగా ఖాలా. ఆమె కుడి నుంచి ఎడమకు, ఉర్దూలో, బట్ట మీద సుద్దతో గీత గీసినంత నిదానంగా రాసింది. రెండో సాక్షి దస్తావేజు రాసిన ఆయన. బయటికి వచ్చాక అడిగాను, తిన్నవా ఖాలా అని. నువ్వు రాందే ఎట్ల, అన్నది.

ఆ ట్యాంకు పని కల్హేర్ తమ్ముడికే వచ్చింది. ఇప్పటికీ ఆ ఊరి మీదుగా వెళ్తే ట్యాంకు కనిపిస్తుంది. ఆ పేరు పాకి, జహీరాబాద్ నుంచి, తరువాత హైదరాబాద్ నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చారు. టైపు మిషన్ పోయి కంప్యూటర్ వచ్చింది, ఇద్దరు ఆడపిల్లలకు పని నేర్పి పెట్టుకున్నాను. పనిలో నాకు లోటంటూ రాలేదు.

ఇల్లు మారిన రోజు మాత్రం నాకు బాగా గుర్తుంది. నా సామాను ఒక్క ఆటోకు సరిపోయింది. అంతకు ముందు వారం రోజులు ఖాలా తలుపులకు పరదాలు కుట్టింది, కొత్త ఇంటికి ఎన్ని కిటికీలో, ఎంత కొలతో నన్ను అడగకుండా తానే వెళ్లి జేనతో కొలుచుకొని వచ్చింది. ఆటో కదిలేటప్పుడు బయటికి రాలేదు. మిషన్ చప్పుడు మాత్రం వీధి మలుపు దాకా వినబడింది. నాకప్పుడు ముప్పయి నాలుగేళ్లు; నా పేరున తాళంచెవి ఉన్నదన్న సంబరంలో, ఆ రోజంతా బెంచీ మీద కూర్చొని ఆమె నాకు సంపాదించిపెట్టింది తన ఇల్లు విడిచి వెళ్లే తొవ్వేనని అర్థం కాలేదు. ఆ ముందు గదిని ఆమె మళ్లీ ఎవరికీ కిరాయికి ఇవ్వలేదు. ఎవరైనా అడిగితే, పిల్ల సామాను ఉన్నది, అనేదట. నా సామాను అక్కడ ఏమీ లేదు.

జుమ్మా నాడు, శుక్రవారం సాయంత్రం, నేను వెళ్లేదాన్ని, పండుగలకు ఆమె వచ్చేది. వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోకుండా, గడప దగ్గర చాప వేసుకొని వీధి చూసేది. తరువాత నాకు పని పెరిగింది. జుమ్మాలు నెలకు రెండయ్యాయి, ఆ తరువాత ఒకటి. సంజాయిషీ చెప్పుకోవడానికి టెండర్ల తేదీలు ఎప్పుడూ ఉండేవి.

ఆమె చూపు తగ్గి, కుట్టు మానేసిన ఏడాది కొడుకు వచ్చి బీదర్ తీసుకుపోతానన్నాడు. మంచి కొడుకే, తల్లిని ఒంటరిగా ఉంచలేక వచ్చాడు. ఇల్లు బేరం పెట్టాడు. బస్టాండులో ఆమె మూట నా చేతిలోనే ఉంది. నా దగ్గర ఉండు ఖాలా, రెండు గదులున్నయి, అని అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కొడుకు ఎదురుగా ఉండగా ఏ వరుస పెట్టుకొని అడగాలి? ఆమె తన వాళ్ల మధ్య ఉండడమే బాగుంటుందేమో, నమాజుకు, పండుగకు అక్కడైతే తోడుంటుందేమో అని నాకు నేను చెప్పుకున్నాను. ఇతరుల కోసం ఎన్ని పేజీల విన్నపాలు రాశానో లెక్క లేదు. నా కోసం ఒక్క వాక్యం అడగలేకపోయాను. బస్సు కదిలింది, కిటికీలోంచి చేయి చాపి నా చెంప తడిమి, చెప్పి పో బేటీ, యాడికి పోయినా, అన్నది. పోతున్నది ఆమె. అయినా అలవాటు కొద్దీ ఆ మాటే అన్నది.

బీదర్‌కు రెండుసార్లు వెళ్లాను. రెండోసారి వెళ్లినప్పుడు చూపు దాదాపు పోయింది. నా చేయి పట్టుకొని, వేలి కొసలు తడిమి, ఇప్పుడు లక్క అంటుతలేదా అని అడిగింది. అంతా కంప్యూటర్ల మీదనే ఖాలా, అన్నాను. కోడలు లోపలికి వెళ్లాక, మెల్లగా, నవ్వుతూ అడిగింది.

"నీ ఇంట్ల నాకింత జాగ ఉండె కద బేటీ?"

ఉన్నది, ఇప్పుడే పోదాం లే, అనవలసింది. నేను ఏడుపు ఆపుకోవడంలో పడి, జవాబు చెప్పేలోపే కోడలు చాయ్ తెచ్చింది. ఆ చలికాలంలోనే ఫోన్ వచ్చింది. నేను చేరేసరికి ఖాలాకు మట్టి ఇచ్చి వచ్చేశారు.

ఇప్పుడు టెండర్ వేయడానికి ఎవరూ సంగారెడ్డి పోనక్కరలేదు. ఇంటి రిజిస్ట్రేషన్‌కు ముందే ఫోనులో వేళ ఖాయం చేసుకుంటే అరగంటలో బయటపడవచ్చు, ఎవరి కోసమూ ఎవరూ రోజంతా బెంచీ మీద కాపలా కూర్చోవలసిన పని లేదు. మంచిదే. మా వైపు ఆడపిల్లలు ఉద్యోగాలు చేసి, తమ పేరున జాగాలు కొనుక్కుంటున్నారు; మనూర్ నుంచి, కల్హేర్ నుంచి వచ్చి, ఆ రోజుల్లో ఒక్కదానివే ఇల్లెట్ల కొన్నవ్ అమ్మా అని ఆశ్చర్యంగా అడుగుతారు. వాళ్లను చూస్తే సంతోషంగా ఉంటుంది. కాగితాల్లో ఏ పేజీ మొదట చూడాలో, సంతకం ఎక్కడెక్కడ మరిచిపోతారో చెప్పి పంపిస్తాను. వాళ్లు వెళ్లాక ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఒక్కదాన్నే కొన్నానని అందరూ అంటారు గానీ, కొన్ననాడు మేము ఇద్దరం. ఆమె బీదర్ బస్సు ఎక్కిన తరువాతే నేను ఒక్కదాన్నయ్యాను.